క్రియాటినిను అంకె – దాని వెనుకనున్న యంత్రములు

మన చీపురుపల్లి స్టేషనులో ఈశాన్యముగా పోవు రైలెక్కి పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పూండి దాటి పలాసలో దిగినచో ఉద్దానపు వాకిట దిగినట్లే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండుటచే ఉద్యానమను మాటనుండి ఆ ప్రాంతమునకా పేరు వచ్చెనని చెప్పుదురు. ఆ తోటల నడుమనున్న గ్రామములలో ఆసుపత్రినుండి తిరిగివచ్చిన వానిని ఇరుగుపొరుగువారు జ్వరము సంగతి యడుగరు. "ఎంతొచ్చింది బావా?" అని యడుగుదురు. అతడు "రెండున్నర" అనియో, "ఆరు" అనియో బదులు చెప్పును. ఆ అంకెను విని ఇంటివారు ఊరట చెందుటయో, భూమి తాకట్టు మాట తలపెట్టుటయో జరుగును.

ఆ అంకె రక్తములో క్రియాటినిను అను పదార్థ మెంత యున్నదో తెలుపునది. ఒక డెసిలీటరు రక్తద్రవములో, అనగా నూరు మిల్లీలీటర్లలో, ఎన్ని మిల్లీగ్రాములున్నవో దానినిబట్టి లెక్క. ఆరోగ్యవంతులగు పెద్దలలో అది సాధారణముగా 0.6 మొదలు 1.2 వరకు నుండును. ఈ అంకె ఎక్కడినుండి వచ్చును? ఏ యంత్రము దానిని చెప్పును? ఆ యంత్రము మాట నమ్మవచ్చునా? నమ్మినచో ఎంతవరకు? మా చదువరులకు ఈ సంగతులను తేటపరచుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. శరీరమును కొలుచు యంత్రములను, శరీరాంగములకు బదులు పనిచేయు యంత్రములను నిర్మించి కాపాడు విద్యకు బయోమెడికల్ ఇంజనీరింగు అని పేరు. ఆ విద్యనంతటిని ఇచట చెప్పబూనుట లేదు. ఈ ఒక్క అంకె వెంట నడచినచో దాని ముఖ్యసూత్రములు చాలవరకు దారిలోనే ఎదురగును.

మొదట మూత్రపిండముల మాట. ఇవి వెన్నెముకకు ఇరుప్రక్కల, దిగువ ప్రక్కటెముకల చాటున, ఒక్కొక్కటి పిడికిలియంత పరిమాణమున నుండును. ఒక్కొక్కదానిలో ఇంచుమించు పది లక్షల వడపోత భాగములు కలవు. ఆ రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు కావలసిన నీటిని, లవణములను, చక్కెరను మరల రక్తమునకే చేర్చి, ఒకటి రెండు లీటర్లను మాత్రము మూత్రముగా వెలికి పంపును. ఇంత పనియు నిశ్శబ్దముగా జరుగును. గుండె కొట్టుకొనుట చేతికి తెలియును, ఊపిరి కంటికి కనబడును. మూత్రపిండము పనిచేయుచున్నదో లేదో దాని సొంతదారునకే తెలియదు. సగము పని పోయినను మనిషి పొలమునకు పోయి దుక్కి దున్నును. కాళ్లవాపు, ఆయాసము, వాంతులు, అన్నము సహింపకపోవుట కానవచ్చునప్పటికి చాల ఆలస్యమై యుండును.

ఉద్దానపు వ్యాధి ఇంతకంటెను కపటమైనది. మధుమేహమువలన చెడిన మూత్రపిండములు సాధారణముగా మూత్రములోనికి మాంసకృత్తులను విడుచును. మందు పూసిన కాగితపు పట్టీని మూత్రములో ముంచినచో రంగు మారి ఆ సంగతి తెలిసిపోవును. పట్టీ చౌక, పని సులభము. అయితే ఉద్దానపు రోగులలో చాలమందికి మాంసకృత్తులు మొదట స్వల్పముగనే పోవును. కావున పట్టీ వారిని పట్టజాలదు. రక్తము తీసి క్రియాటినిను చూడవలసినదే. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశోధన ఉద్దానమునందు పరీక్షింపబడిన పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి కలదని తెలిపెను. వారిలో ఎక్కువమందికి మామూలుగా చెప్పబడు కారణము లేవియు కానరాలేదు. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతపు రైతులలోను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడారు దేశముల చెరకుతోటల కూలీలలోను ఇటువంటి వ్యాధియే కలదు. ఉద్దానమున నీటిని, మన్నును, ఎండను, పురుగుమందులను ఒక్కొక్కటిగా శోధించుచున్నారు గాని కారణమిదియే యని నేటికిని నిశ్చయింపబడలేదు.

ఇక పరికరముల సంగతికి వత్తము. వైద్యుని చేతిలోని ఏ కొలత పరికరమైనను మూడు పనులు చేయును: శరీరమందలి ఒక స్థితిని గ్రహించును, దానిని మనము చూడదగిన మరియొక మార్పుగా మార్చును, ఆ మార్పునకు ఒక అంకె నిచ్చును. జ్వరము చూచు థర్మామీటరులో పాదరసము వేడిని గ్రహించి వ్యాకోచించును. ఆ వ్యాకోచము సన్నని గొట్టములో పొడవుగా మారును. గొట్టముపై గీతలు అంకె నిచ్చును. రక్తపుపోటు పరికరమున దండకు చుట్టిన పట్టీలోని గాలి నాళమును నొక్కును. గాలి మెల్లగా వదలునప్పుడు రక్తము మరల దూసుకొనిపోవు చప్పుడు మొదట వినబడినచోట ఒక అంకె, చప్పుడు మాయమైనచోట రెండవ అంకె. గుండె విద్యుత్తును గీతలుగా గీయు ఈసీజీ యంత్రమునకు చర్మముపై దొరకునది ఇంచుమించు ఒక మిల్లీవోల్టు మాత్రమే. టార్చిలైటు బ్యాటరీ వోల్టేజిలో అది 1500వ వంతు. కావున ఆ యంత్రము మొదట దానిని అనేక రెట్లు పెంచి, నడుమ చొరబడు ఇంటి కరెంటు రొదను తొలగించి, పిమ్మట గీయవలెను.

మూత్రపిండము వేడి చూపదు, చప్పుడు చేయదు, గీయదగిన విద్యుత్తు నీయదు. అందువలన దాని సంగతి తెలిసికొనుటకు ఒక దూత కావలసి వచ్చినది. ఆ దూతయే క్రియాటినిను.

మన కండరములలో క్రియాటిను ఫాస్ఫేటు అను పదార్థము నిలువయుండును. కబడ్డీ ఆటలో కూత పెట్టి ఒక్కసారిగా ఉరుకునట్టి మొదటి కొన్ని క్షణములలో కండరమునకు శక్తి నిచ్చునది అదియే. కండరములోని క్రియాటినులో స్వల్పభాగము, నూటికి రెండు వంతులకు లోపుగా, ప్రతిదినము తనంతట విరిగి క్రియాటినినుగా మారును. ఇది శరీరమునకు దేనికిని పనికిరాదు. మూత్రపిండములు దానిని బయటకు పంపుచుండును. చెరువులోనికి కాలువ నీరు ఒకే తీరుగా వచ్చుచుండగా తూము కొంత పూడినచో మట్టము పెరుగును గదా. తూమును కంటితో చూడకయే, గట్టుపై నిలిచి మట్టమును చూచి, అది ఎంత పూడెనో చెప్పవచ్చును. రక్తములోని క్రియాటినిను ఆ మట్టము వంటిది.

ఈ కథలో ఒక తెలుగువాని హస్తము కలదు. క్రియాటిను ఫాస్ఫేటు కండరములో నున్నదని 1927లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కె, యల్లాప్రగడ సుబ్బారావు అను ఇరువురు కనిపెట్టిరి. అదే సమయమున ఇంగ్లాండులో ఎగిల్టను దంపతులును వేరుగా ఆ పదార్థమునే గుర్తించిరి. సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివి, 1923లో అమెరికాకు పోయెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను మందు ఆయన నడపిన పరిశోధనశాలనుండి 1947లో వెలువడినదే గనుక ఆయన పేరెరుగకయే మన తీరవాసులెందరో ఆయనకు ఋణపడి యున్నారు. అది యట్లుండనిచ్చి, మనకు కావలసినది 1925నాటి సంగతి. ఆ సంవత్సరము ఫిస్కె, సుబ్బారావు రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. రక్తమునుండి తీసిన ద్రవమునకు మాలిబ్డేటు మొదలగు రసాయనములను కలిపినచో నీలిరంగు వచ్చును. భాస్వర మెంతయో నీలమంత. ఈ పద్ధతితో కండరమును కొలుచుచుండగా రంగు మామూలుగా గాక మెల్లమెల్లగా పెరుగుచుండుట చూచి, అచట త్వరగా విరిగిపోవు ఏదో భాస్వర పదార్థము దాగియున్నదని వారూహించిరి. అదియే క్రియాటిను ఫాస్ఫేటు. మంచి కొలత పద్ధతి చేతనుండుటచే క్రొత్త పదార్థము బయటపడినదన్నమాట. ఆసుపత్రులలో నేడు భాస్వరమును కొలుచు పద్ధతులలో పెక్కింటికి మాలిబ్డేటుతో జరుగు ఆ చర్యయే ఆధారము. మూత్రపిండములు చెడినవారికి భాస్వరము పెరిగి ఎముకలను బాధించును గనుక ఆ పరీక్ష వారికి నెలనెలయు కావలసినదే.

రంగును కొలుచుట యెట్లో తెలిసికొనుటకు మన ప్రాంతపు వస్తువే చాలును. గరివిడి, చీపురుపల్లి చుట్టుపట్ల పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమునుండి మాంగనీసు ఖనిజము త్రవ్వబడినది. ఆ మాంగనీసుతో చేయునదే పాఠశాల ప్రయోగశాలలోని పొటాషియం పర్మాంగనేటు. దాని పలుకు నొకదానిని గ్లాసెడు నీటిలో వేసినచో నీరంతయు ఊదారంగగును. మరియొక గ్లాసున రెండు పలుకులు వేసినచో రంగు చిక్కబడును. ఏది చిక్కనిదో కన్ను చెప్పగలదు. ఎన్నిరెట్లు చిక్కనిదో చెప్పుమన్నచో కన్ను తడబడును.

ఇచట ఒక గణిత సూక్ష్మము కలదు. ఒక ద్రావణము తనలోనికి వచ్చిన కాంతిలో సగమును మ్రింగి సగమును విడుచుననుకొందము. దాని గాఢతను రెండింతలు చేసినచో కాంతి పూర్తిగా ఆరిపోదు. మిగిలిన సగములో మరల సగము మ్రింగబడి నాల్గవ వంతు బయటపడును. మూడింతలు చేసినచో ఎనిమిదవ వంతు బయటపడును. కావున బయటపడిన కాంతిని ఉన్నదున్నట్లు చదువరాదు. అది ఎన్నిమార్లు సగమయ్యెనో లెక్కింపవలెను. పై తరగతులవారు ఇచట లాగరిథములను గుర్తుపట్టి యుందురు. ఆ పట్టికలు దేనికి పనికివచ్చునని ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు గొణుగుచుండుట మేమెరుగుదుము. రక్తపరీక్ష చేయు ప్రతి యంత్రమును లోపల ఆ లెక్కయే చేయుచున్నది. కాంతి తగ్గిన తీరును లాగరిథముగా వ్రాసినచో వచ్చు అంకెకు శోషణాంకమని పేరు పెట్టుకొందము. గాఢత రెండింతలైనచో శోషణాంకము రెండింతలగును, మూడింతలైనచో మూడింతలు. 1729లో బూగే, 1760లో లాంబర్టు, 1852లో బీరు అను శాస్త్రజ్ఞులు దీనిని అంచెలంచెలుగా నిరూపించిరి.

క్రియాటినినుకు సొంతరంగు లేదు. 1886లో జాఫే అను జర్మను వైద్యుడు దానికి పిక్రికామ్లమును, క్షారమును చేర్చినచో నారింజరంగు వచ్చునని కనుగొనెను. 1904లో ఫోలిన్ అను పండితుడు ఆ రంగును కొలుచుటను వాడుకలోనికి తెచ్చెను. ఆ కాలపు పరికరమున రెండు గాజుగొట్టములు ప్రక్కప్రక్కన నుండెడివి. ఒకదానిలో తెలిసిన ద్రావణము, రెండవదానిలో పరీక్షింపవలసినది పోసి, రంగులు రెండును సమముగా కనబడువరకు లోతును మార్చి, కంటితోనే తూచెడివారు. నేటి యంత్రమున కంటికి బదులు కాంతివిద్యుత్కణము కలదు. దీపపు కాంతిలో నీలి ఆకుపచ్చ భాగమును మాత్రము జల్లెడపట్టినట్లు వేరుచేసి చిన్న గాజుపెట్టెలోని ద్రవము గుండ పంపుదురు. నారింజరంగు ద్రవము ఆ కాంతినే మ్రింగును గనుక ఆ ఎంపిక. మిగిలిన కాంతి కణముపై పడి విద్యుత్తగును. విద్యుత్తు అంకె యగును. థర్మామీటరులో చూచిన మూడు పనులే ఇచటను.

అంకె యెట్లు పుట్టునో ఒక ఉదాహరణముతో చూతము. మొదట ఏమియు లేని ద్రావణమును పెట్టి యంత్రమును సున్న యొద్ద నిలుపుదురు. పిమ్మట డెసిలీటరుకు సరిగా 2 మిల్లీగ్రాముల క్రియాటినిను కలిపిన ప్రమాణద్రావణమును పెట్టుదురు, శోషణాంకము 0.10 వచ్చెననుకొందము. తరువాత రోగి రక్తద్రవము, 0.25 వచ్చెను. త్రైరాశికమే గదా: 0.10కి 2 అయినచో 0.25కి 5. కాగితముపై "5.0" అని వ్రాయుదురు. ఈ లెక్కలో యంత్రమునకు సొంతముగా తెలిసినది ఏమియు లేదు. ప్రమాణద్రావణము నిజముగా 2 అయిననే రోగి అంకె నిజముగా 5 అగును. ప్రమాణము చెడి 1.6 అయి యున్నచో, యంత్రము ఎంత ఖరీదైనదైనను, ఎంత చక్కగా మెరయుచున్నను, అబద్ధమే పలుకును.

గోగునార అమ్ముకొను రైతునకు ఈ సంగతి మరియొకరు చెప్పనక్కరలేదు. కాటా వద్ద అతడు చూచునది ముల్లును గాదు, రాళ్లను. రాళ్లపై ముద్ర కలదా, అంచు అరిగినదా యని చూచును. ప్రయోగశాలలో ఈ పనికి వేరుగా ఒక రక్తద్రవమును ఉంచుదురు. దాని విలువ ముందే తెలిసియుండును. ప్రతి ఉదయము రోగుల రక్తము ముట్టకముందే దానిని యంత్రములో పెట్టి, తెలిసిన విలువ వచ్చినదో లేదో చూచి, పుస్తకమున వ్రాయుదురు. రానిచో ఆ దినము పరీక్షలు నిలుపవలెను. ఈ పని శ్రద్ధతో జరుగుచోట పాతయంత్రమును నమ్మవచ్చును. జరుగనిచోట క్రొత్తదానిని నమ్మరాదు. మా మాట కొంత కఠినముగా తోచవచ్చును గాని, 1.1 అను అంకెకును 1.4 అను అంకెకును నడుమ ఒక కుటుంబపు నిద్ర యున్నది. ఎక్కువ చూపు యంత్రము ఆరోగ్యవంతుని రోగిని చేయును. తక్కువ చూపు యంత్రము రోగిని ధైర్యముగా పొలమునకు పంపివేయును.

సరియైన యంత్రము చెప్పిన సరియైన అంకెకును హద్దులు కలవు. దూత కండరమునుండి వచ్చునని చెప్పితిమి. బస్తాలు మోయు హమాలీకి కండరమెక్కువ, బక్కచిక్కిన ముదుసలికి తక్కువ. ఇరువురికిని 1.2 వచ్చినచో హమాలీ మూత్రపిండములు బాగుండవచ్చును, ముదుసలివి సగము చెడియుండవచ్చును. అందుచేత వైద్యులు వయస్సును, స్త్రీపురుష భేదమును చేర్చి మూత్రపిండములు నిమిషమునకు ఎంత వడగట్టుచున్నవో వేరొక అంకెను లెక్కగట్టుదురు. జాఫే పద్ధతిలో చక్కెర, మాంసకృత్తులు మొదలగు ఇతర పదార్థములును కొంత రంగు నిచ్చును. అందువలన కొన్ని ప్రయోగశాలలు క్రియాటినినును మాత్రమే పట్టు ఎంజైము పద్ధతిని వాడుచున్నవి. పరీక్షకు ముందు రాత్రి మాంసము దండిగా తినినను అంకె కొంచెము పెరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది చెరువు లెక్క. తూము సగము పూడినచో మట్టము రెండింతలగును. నాల్గవ వంతే మిగిలినచో నాలుగింతలు. ఎనిమిదవ వంతే మిగిలినచో ఎనిమిదింతలు. అనగా 1 నుండి 2కు పోవుటలో శక్తిలో సగము పోవును. 4 నుండి 8కి పోవుటలో పోవునది మొత్తములో ఎనిమిదవ వంతు మాత్రమే. సామాన్యజనుల తలపు దీనికి సరిగా తలక్రిందులు. రెండున్నర యన్నచో "ఏమంత కాదు" అందురు, ఎనిమిది యన్నచో గుండె బాదుకొందురు. కాపాడుకొనదగినది ఎక్కువగా మిగిలియుండునది మొదటి దశలోనే. కావున 1.0 యున్నవానికి ఆరు నెలలకు 1.4 వచ్చినచో, వ్రాతలో అది చిన్నమార్పే యైనను, అదే ప్రయోగశాలలో మరల పరీక్ష చేయించి వైద్యునకు చూపవలసిన మార్పు. పాత కాగితములను దాచియుంచుట ఇందుకే యవసరము. ఒక్క అంకెకంటె అంకెల వరుస ఎక్కువ సంగతులు చెప్పును.

మూత్రపిండములు పూర్తిగా చేతులెత్తినప్పుడు కొలత యంత్రముల పని ముగిసి, మూత్రపిండమునకు బదులు నిలుచు యంత్రము పని మొదలగును. అదియే డయాలిసిస్. ఈ మాటను 1861లో థామస్ గ్రేహాము అను స్కాట్లండు రసాయనజ్ఞుడు వాడుకలోనికి తెచ్చెను. దాని సూత్రము మన వంటయింటిలోనే కలదు. ఉప్పుచేపను వండుటకు ముందు నీటిలో నానవేయుదురు. చేపలోని ఉప్పు నీటిలోనికి దిగును. నీరు మార్చిన కొలదిని మరికొంత దిగును. చేప మాత్రము ఎచటికిని పోదు. చిన్న కణములు ఎక్కువ యున్నచోటనుండి తక్కువ యున్నచోటికి పోవుననుట ప్రకృతి ధర్మము. రక్తమును సన్నని పొరకు ఒక ప్రక్కను, శుద్ధజలమును రెండవ ప్రక్కను నిలిపినచో యూరియా, క్రియాటినిను వంటి చిన్న కణములు పొర రంధ్రముల గుండ నీటిలోనికి పోవును. రక్తకణములు, మాంసకృత్తులు పెద్దవగుటచే దాటలేవు. అయితే ఉప్పుచేప విషయమున లేని చిక్కొకటి ఇచట గలదు. వట్టి నీరు పెట్టినచో రక్తమునకు కావలసిన లవణములును కొట్టుకొనిపోవును. కావున ఆ నీటిలో సోడియము మొదలగువానిని రక్తములో నుండవలసిన పాళ్లలోనే ముందుగా కలుపుదురు. రెండు ప్రక్కల సమముగా నున్నది కదలదు. అధికముగా నున్నదే కదలును.

మనిషికి పనికివచ్చు మొదటి యంత్రమును 1943లో నెదర్లాండ్సు దేశమున విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు నిర్మించెను. అది జర్మను సైన్యముల యాక్రమణలో నున్న కాలము, సరకు దొరకదు. మాంసపు సాసేజీలకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును ఆయన పెద్దపీపాకు చుట్టి, లవణజలపు తొట్టిలో తిప్పెను. మొదటి రోగులు పెక్కురు బ్రతుకలేదు. 1945లో 67 ఏండ్ల వృద్ధ యొకతె ఆ యంత్రముతో స్మృతి తిరిగి వచ్చి కోలుకొన్నది. అయినను పదేపదే నాళములను కోయవలసి వచ్చుటచే చిరకాలము చేయ వీలులేకపోయెను. 1960లో అమెరికా సియాటిలు నగరమున స్క్రిబ్నరు అను వైద్యుడు చేతి నాళములకు జారుడు గుణము గల టెఫ్లాను గొట్టమును శాశ్వతముగా అమర్చి ఆ యడ్డంకిని తొలగించెను. నేడు ఎక్కువగా ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టి, సిర లావెక్కిన పిమ్మట దానిలో సూదులు గ్రుచ్చుదురు.

నేటి యంత్రమున పీపా లేదు. మూరెడు పొడవైనను లేని గాజు వంటి గొట్టమున వెండ్రుకల వలె సన్నని బోలు నాళికలు ఇంచుమించు పదివేలు కట్టగా నుండును. రక్తము వాని లోపలను, లవణజలము వెలుపలను, ఎదురెదురు దిశలలో పారును. ఎదురెదురుగా పారుటకు కారణము కలదు. రక్తము ముందుకు పోయిన కొలది శుద్ధమగుచుండును. అట్టి రక్తమునకు అంతకంటె శుద్ధమైన నీరే ఎదురగుటచే చివరివరకు వ్యర్థపదార్థము దిగుచునే యుండును. ఒక్కొక్కమారు నాలుగు గంటలు, వారమునకు సాధారణముగా మూడుమార్లు.

రక్తమును దేహమునుండి బయటకు తెచ్చి తిరిగి పంపుట ప్రమాదముతో కూడిన పని గనుక యంత్రములో కావలివారు పెక్కురు కలరు. రక్తపు గొట్టములలో ఒత్తిడిని కొలుచు భాగము సూది జారినను, గొట్టము మెలిపడినను కేకవేయును. రక్తము దేహమునకు తిరిగిపోవు త్రోవలో వినబడని ధ్వనితరంగములను పంపి గాలిబుడగకై వెదకు భాగము మరియొకటి. బుడగ దొరికిన తక్షణమే బిగింపు మూసుకొని పంపు ఆగిపోవును. వాడిన నీటిలో ఎరుపు జాడ కనబడినచో పొర చినిగినదని కాంతికణము తెలుపును. లవణముల పాళ్లు సరిగానున్నవో లేదో ప్రతిక్షణము విద్యుద్వాహకతచే పరీక్షింపబడును. ఉప్పునీటిలో కరెంటు బాగుగ పారునని విద్యార్థులెరుగుదురు. కరెంటు పోయినచో బ్యాటరీ కొంతసేపు పంపును నడపును. అదియు ఆగినచో నర్సు చేతితో త్రిప్పి రక్తమును రోగికి చేర్చుటకు పిడి యొకటి యంత్రమునకే అమర్చి యుండును. ఎన్ని కణములున్నను చివరకు ఒక చేతిపిడిని ఉంచుకొనుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి.

తల్లిదండ్రులకు ఆశ్చర్యము గొలుపునది నీటి లెక్క. లవణజలము నిమిషమునకు సుమారు అర లీటరు చొప్పున పారును. నాలుగు గంటలకు 120 లీటర్లు, వారమునకు 360 లీటర్లు. మనము వారమంతయు త్రాగు నీరు పదునాలుగు, ఇరువది లీటర్లకు మించదు. అదియు ప్రేగుల గోడ దాటి రావలెను. రోగికిని ఈ 360 లీటర్లకును నడుమ పలుచని పొర తప్ప వేరు కాపలా లేదు. త్రాగుటకు మంచిదైన నీరు ఈ పనికి మంచిది కాదు. కొళాయి నీటిని శుద్ధిచేయ కలుపు క్లోరిను త్రాగువానికి రక్ష. అదే పొర దాటి రక్తములోనికి పోయినచో ఎర్రకణములను పగులగొట్టును. అల్యూమినియము వంటి లోహముల జాడ మెదడునకును ఎముకలకును హాని చేయును. కావున డయాలిసిస్ గదికంటె ముందు దాని వెనుకనున్న నీటిగదిని కట్టవలెను. అందు ఇసుక వడపోత, గట్టితనము పోగొట్టు తొట్టి, క్లోరినును పీల్చు బొగ్గుతొట్టి వరుసగా నుండి, చివర గొప్ప ఒత్తిడితో నీటిని మిక్కిలి సన్నని పొరగుండ త్రోయు యంత్రము కలదు. ఇండ్లలో ఆర్వో యని పిలుచుచున్నది దానికి చిన్నతమ్ముడు.

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి ఆసుపత్రులలో డయాలిసిస్ కేంద్రములు వెలసిన తరువాత రోగులకు విశాఖపట్టణపు ప్రయాణము తగ్గినది. వారమునకు మూడుమార్లు రానుపోను రైలు, తోడుగా వచ్చువాని కూలి పోవుట – ఇవి మందు ఖర్చునకు తక్కువ భారము కావు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలమునుండి వంశధార నీటిని ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకమును ఆ దినముననే ప్రారంభించిరి.

యంత్రములు వచ్చుట ఒక యెత్తు, అవి పనిచేయుచుండుట వేరొక యెత్తు. పంపు అరిగిపోవును, ఒత్తిడి కొలుచు భాగము క్రమముగా తప్పుచూప మొదలిడును, బొగ్గుతొట్టి పాతబడును. వీనిని చూచుకొను బయోమెడికల్ ఇంజనీరు, టెక్నీషియను పేర్లు రోగికి తెలియవు. విశాఖపట్టణమున 270 ఎకరములలో వెలసిన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018 డిసెంబరు 13న ప్రారంభమైనది. అచట వైద్యపరికరములను చేయు కర్మాగారములతోపాటు వానిని పరీక్షించు ప్రయోగశాలలును కలవు. 2020లో కరోనా ప్రబలినప్పుడు వెంటిలేటర్లు అచట తయారైనవి. భౌతికశాస్త్రమున ఆసక్తి గలిగి, వైద్యవిద్యకు పోలేకపోతిమని దిగులుపడు విద్యార్థులు ఈ త్రోవను విచారింపవచ్చును. ఇంజనీరింగు కళాశాలలలో నాలుగేండ్ల చదువు కలదు. డయాలిసిస్ టెక్నీషియను చదువు అంతకంటె చిన్నది. ఇంటిలో మిక్సీని విప్పి మరల బిగింపలేకపోయిన పిల్లవానిని తల్లి కోపించుట న్యాయమే గాని, ఆ కుతూహలము ఈ వృత్తికి పెట్టుబడి.

ఇట్టి కేంద్రములో టెక్నీషియను దినము నీటిగదిలో మొదలగును. బొగ్గుతొట్టి దాటిన నీటిని చిన్నగొట్టములో పట్టి మందు కలిపి రంగు చూచును. ఇదియు రంగు కొలతయే. క్లోరిను మిగిలియున్నచో రంగు వచ్చును, లేనిచో నీరు తేటగానే యుండును. ప్రతి వంతు రోగులకు ముందును ఇట్లు చేయవలెనని నియమము. ఫలితమును, వేళను పుస్తకమున వ్రాసి సంతకము చేసిన పిమ్మటనే ఆ వంతులోని మొదటి రోగికి సూది గ్రుచ్చుదురు.